విరాటుని కొలువు – సేవకుని మనస్సు

ఆంధ్ర మహాభారతమున విరాటపర్వము ప్రథమాశ్వాసములో, పాండవులు మత్స్యనగరమునకు బయలుదేరుటకు ముందు ధౌమ్యుడు వారికి కొలువుతీరు నుపదేశించిన ఘట్టము తెలుగు చదివిన వారికందరకును పరిచితమైనదే. పాఠ్యపుస్తకములందు దానికి చిరకాలముగ చోటు కలదు. తిక్కన లోకజ్ఞతకు, తెలుగు నుడికారమునకు అది మచ్చుతునక యని విమర్శకులు మెచ్చుకొనిరి. ఉద్యోగమున చేరువాడు కంఠస్థము చేయదగిన నీతి యని పెద్దలు చెప్పిరి. ఆ మెప్పు కాదనదగినది కాదు. కాని ఆ యుపదేశమును తరువాతి కథనుండి విడదీసి, దానినే తిక్కన తుదిమాటగా గ్రహించుటవలన కవికి అన్యాయము జరుగుచున్నదని నా యభిప్రాయము. ధౌమ్యుడు చెప్పిన నియమములను పాటించినవారికి విరాటుని కొలువున ఏమి జరిగినదో తిక్కన తరువాతి ఆశ్వాసములలో చూపెను. ఉపదేశమును, ఫలితమును జోడించి చదివినగాని కవి హృదయము తెలియదు.

ఈ యాలోచనకు కారణము ఒక విద్యార్థి. కొన్నియేండ్ల క్రిందట తరగతిలో ఈ పద్యములను చెప్పుచుంటిని. రాజు సన్నిధిని ఆవులింత, తుమ్ము, నవ్వు, ఉమ్మివేయుట మున్నగువానిని పైకి తెలియనీయక కానీయవలెనన్న భాగము వచ్చినది. చదువు నడుమ మాని, నాలుగేండ్లు ఒక అంగడిలో లెక్కలు వ్రాసి, మరల చదువునకు వచ్చిన బలిఘట్టము కుఱ్ఱవాడొకడు లేచెను. “తుమ్మడం కూడా ఎలాగో చెప్పాడు కదండీ మాస్టారూ, మరి రాజు ఎలా ఉండాలో చెప్పలేదాండీ?” అని యడిగెను. తరగతి నవ్వెను. నేనును నవ్వితిని. ధౌమ్యుడు పాండవుల పురోహితుడే కాని విరాటుని పురోహితుడు కాడని సమాధానము చెప్పి ముందునకు సాగితిని. సమాధానము తప్పు కాదు. కాని ప్రశ్న అంతటితో తీరలేదు.

ఇటీవలి కాలమున ఉద్యోగస్థలములందలి మానసికారోగ్యమును గూర్చి విరివిగా చర్చ జరుగుచున్నది. ‘మానసిక భద్రత’ యను భావమును 1999లో ఏమీ ఎడ్మండ్సన్ అను అమెరికా విదుషి కలిసి పనిచేయు బృందములకు అన్వయించి వ్యాప్తికి తెచ్చెను. తప్పు జరిగినదని చెప్పినను, తెలియనిదానిని అడిగినను, పైవాని మాట సరికాదన్నను తనకు అవమానముగాని దండనగాని కలుగదని పనివాడు నమ్మగల స్థితికే ఆ పేరు. ఆమె అంతకుముందు ఆసుపత్రులలో మందు లిచ్చుటలోని పొరపాట్లను పరిశీలించుచు ఒక వింతను గుర్తించెను. మంచి నాయకత్వము గల బృందములలోనే పొరపాట్లు ఎక్కువగా లెక్కకు వచ్చినవి. అచటివారు ఎక్కువ తప్పులు చేయుట దీనికి కారణము కాదు. చేసినవానిని దాచక చెప్పుటయే కారణము. కుంగుబాటు, ఆందోళనల మూలమున ఏటేట సుమారు 1,200 కోట్ల పనిదినములు నష్టమగుచున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ సంస్థ 2022లో ప్రకటించిన మార్గదర్శకములు పనివానికి ఓర్పు నేర్పుటతో సరిపెట్టుకొనక, పని జరుగు తీరును సవరింపవలెననియు, పైయధికారులకు శిక్షణ నీయవలెననియు సూచించినవి.

ఈ క్రొత్త పదజాలమును పదుమూడవ శతాబ్దపు కావ్యమునకు తగిలించి, తిక్కన దీనిని ముందే చెప్పెనని చంకలు గొట్టుకొనుట నా పద్ధతి కాదు. అట్టి వ్యాసములు మనకు చాలినన్ని కలవు. పదము క్రొత్తదే కాని, కొలువున నోరు విప్పినవాని గతి యేమి యను ప్రశ్న పాతది. దానిని విరాటపర్వము ఎట్లు నడిపినదో చూచుటయే ఇచట ప్రసక్తము.

మొదట ఉపదేశము. తనకు తగిన చోట కూర్చుండవలెను. రాజు కరుణించి యిచ్చిననే తప్ప ఉత్తమాసనములను, వాహనములను ఆశింపరాదు. ఎంత గౌరవము జరిగినను రాజగృహము కంటె అందముగా ఇల్లు కట్టుకొనరాదు. అంతఃపురము వారితో చెలిమి పనికిరాదు. కొలువులో అలవాటు పడితిని గదా, నాకేమి యని వెఱపు విడువరాదు. ఎండ, వాన, ఆకలి, దప్పి, నిద్ర, ఇల్లు, పొరుగూరు అని లెక్కింపక ఏలినవాడు సూచన చేసినంతనే కార్యమునకు పూనుకొనవలెను. ఈ చివరి పద్యమును మన పెద్దలు కార్యదీక్షకు నిదర్శనముగా చెప్పుదురు. తప్పు లేదు. కాని నిదురకు వేళ తప్పినదని అనుకొనుటకు కూడ వీలులేని సేవకుడు ఎంతకాలము నిలువగలడను ప్రశ్నకు ఆ పద్యమున తావు లేదు. వ్యాసభారతమున ఇదే సందర్భమున ఇంకొక నియమము కలదు. లాభము కలిగినపుడు పొంగక, అవమానము జరిగినపుడు నొచ్చుకొననివాడే రాజగృహమున నివసింపదగినవాడు. ఇది శరీరమునకు విధించిన నియమము కాదు, మనస్సునకు విధించినది. తుమ్మును అణచుకొనవచ్చును. నొప్పిని పైకి కనబడనీయక పోవచ్చును. నొప్పియే కలుగరాదనుట యెట్లు?

ఈ నియమములన్నిటిలోను ఒక సామాన్యధర్మము గోచరించుచున్నది. రాజకోపము ఎండవాన వంటిది. దానికి కారణ మడుగరాదు, గొడుగు పట్టుకొనవలెను. జాగ్రత్తయంతయు సేవకునిదే. కొలువున కీడు మూడినచో, సేవకుడు ఏదో ఒక నియమమును మఱచియుండునని లోకము తలచుటకు ఈ దృష్టి తోవ యిచ్చును. నేటికిని ఉద్యోగి ఎవడైన క్రుంగిపోయినచో, వానికి సర్దుకొనిపోవుట తెలియదని ముందుగా అనుటకు మన మలవాటు పడియున్నాము.

అట్లని ధౌమ్యుని తప్పుపట్టుటయు తగదు. పాండవులు ఆ యేడు తమ్ము తాము దాచుకొనవలసిన వారు. కొలువు విడిచిపోవుటకు వారికి స్వేచ్ఛ లేదు. గుర్తింపబడినచో మరల పండ్రెండేండ్ల యడవి. పారిపోలేనివానికి ఓర్పు నేర్పుట ఆప్తుడు చేయదగిన పనియే. ధూర్జటి రాజసేవను నరకముతో పోల్చి ఈసడించెను. ఆయన మాట నిజమే, కాని ఆయన చూపిన దారి విడిచిపోవుట. విడువలేనివారి మాట యేమి? ఇంటి యద్దె, పిల్లల చదువు, అప్పు, ముసలి తల్లిదండ్రులు – నేటి యుద్యోగికి ఇవియే అజ్ఞాతవాసపు గడువులు. ధౌమ్యోపదేశము విడువలేనివానికి చెప్పిన మాట గనుకనే ఇంతకాలము నిలిచినది.

తిక్కన కొలువెఱిగిన వాడు. నెల్లూరి మనుమసిద్ధికి మంత్రి. మంత్రుల వంశమున పుట్టినవాడు. నిర్వచనోత్తర రామాయణమును ఆ రాజునకే కృతి యిచ్చి, భారతమును మాత్రము హరిహరనాథునకు సమర్పించెను. దీనినిబట్టి ఆయన కొలువునందు విసిగియుండెనని తేల్చుట తొందరపాటు. అయినను, భారతమున తాను చేపట్టిన పదునైదు పర్వములలో మొదటిది, రాజులైనవారు సేవకులై గడపిన యేటి కథ యగుట గమనింపదగినది. ఆసనములను, ఆవులింతలను గూర్చి అంత నిశితముగా వ్రాసినవాడు వానిని సభలో చూచియే వ్రాసియుండును.

ఇక ఫలితము. ఉపదేశమునకు మొదటి పరీక్ష సైరంధ్రిది.

ద్రౌపది కొలువున చేరునాడు మాట తీర్చుకొనియే చేరినది. తాను ఎంగిలి ముట్టదు. ఒకరి కాళ్లు కడుగదు. పరపురుషుల జోలి తనకు గిట్టదు. సుదేష్ణ ఒప్పుకొనినది. నేటి భాషలో ఇది నియామకపు షరతు. పదినెలలు కొలువు సాగినది. పిమ్మట కీచకుడు చూచెను. అతడు సేనాపతి, రాణికి తమ్ముడు, రాజ్యము అతని భుజబలముపై నిలిచియున్నది. సుదేష్ణ మొదట తమ్మునకు హితము చెప్పినది. తుదకు లొంగినది. ఆసవము తెచ్చు నెపమున సైరంధ్రిని అతని యింటికి పంపినది. ద్రౌపది ఆ పనికి వేరొకతెను పంపుమని వేడుకొన్నను వినలేదు. ఈ ఘట్టమున సుదేష్ణ పాత్రను తిక్కన చిత్రించిన తీరు మిక్కిలి శ్రద్ధగా చదువదగినది. ఆమె దుష్టురాలు కాదు. జరుగబోవునది ఆమెకు తెలియును. తెలిసి, తమ్మునిపై ప్రేమ, భయము కలిసి, పనివేళ ఒక చిన్న ఆజ్ఞగా దానిని మార్చినది. పైయధికారి యొక్క అపరాధము నూటికి తొంబదిపాళ్లు ఈ రూపముననే జరుగును. ఏలినవారు సూచన చేసినంతనే పని చేయవలెనను ధౌమ్యుని నియమము ఇచటనే సైరంధ్రికి ఉరియైనది.

ఆమె తప్పించుకొని సభకు పరుగిడెను. కీచకుడు వెంటబడి రాజు చూచుచుండగనే ఆమెను పడద్రోచి తన్నెను. ఆ సభలో కంకుభట్టు కలడు. భీముడు వచ్చి ఒక చెట్టుపై చూపు నిలిపెను. వంటకట్టెలకై ఈ చెట్టుపై కన్ను వేయనేల, వేరొకచోట వెదకికొనుమని ధర్మరాజు నర్మగర్భముగా వారించెను. సైరంధ్రి రాజును నిలదీసినది. మీ యిరువురకు వెలుపల ఏమి జరిగినదో నే నెఱుగను, ఎఱుగక తీర్పు చెప్పుట యెట్లని విరాటుడు తప్పుకొనెను. కన్నులయెదుట తన్ను పడినదానికి పూర్వకథ కావలసివచ్చినది! ఆపై కంకుభట్టు నోరు విప్పెను. సభలో నటివలె ఏడ్చుచు నిలువక రాణి యింటికి పొమ్మనెను. ఆమె తన భర్త నటుడేయని, జూదరియని ఎత్తిపొడిచి వెడలిపోయెను.

కంకుభట్టు మాట సాధారణముగా అజ్ఞాతవాసపు అవసరముతో సమర్థింపబడుచున్నది. సమర్థన సరియే. గుట్టు బయటపడినచో అందఱును చెడుదురు. కాని బాధితురాలికి ఆ కారణము ఎంతవరకు ఉపశమనము? సభలో ఆమెను ఎఱిగినవాడు, ఆమెకు హితుడు, ధర్మము తెలిసినవాడు ఒక్కడే. ఆ యొక్కడును నోరు మూసికొనుమన్నాడు. తన కొలువు నిలుపుకొనుటకై తోడి సేవకుని బాధను అణచుట విరాటుని సభతో అంతరించిన యాచారము కాదు. తిక్కన ధర్మరాజును ఇచట దూషింపలేదు. ద్రౌపది చేత మాత్రము సమాధానము చెప్పించెను. ఆ రెండు నడుమ గల దూరముననే కవి తీర్పు కలదని నేను గ్రహించుచున్నాను.

ఆ రాత్రి ఆమె వంటయింటికి పోయి భీముని లేపినది. విరాటపర్వమున నాకు అన్నిటికంటె గొప్పదిగా తోచునది ఈ సన్నివేశము. కీచకవధ కాదు. ద్రౌపది తన పరాభవముతో ఆగలేదు. ధర్మరాజు పూర్వవైభవము నెంచి, అట్టివాడు ఒకనికి ఓలగించుచున్నాడని దుఃఖించినది. వంటచెఱకు మోయు భీముని, ఆడువారి నడుమ ఆటపాటలు నేర్పు అర్జునుని, గుఱ్ఱముల వద్దను గోవుల వద్దను బ్రదుకు కవలలను వరుసగ తలచుకొన్నది. ఇన్నినెలలుగా ఎవరితోను చెప్పక దాచిన దంతయు ఒక్కరాత్రి వెలువడినది. వ్యాసభారతమున ఆమె చందనము నూరి కాయలు కాచిన తన చేతులను చూపగా, భీముడు వానిని మొగమునకు చేర్చుకొని కన్నీరు పెట్టును. భీముడు అపుడు చేసిన మొదటి పని గద యెత్తుట కాదు, వినుట. ఆమె మాట నడుమ ఆపలేదు. నీవే జాగ్రత్తగా ఉండవలసినదని అనలేదు. నవలలందును, కథలందును నేటి రచయితలు ఉద్యోగుల మనోవ్యథను చిత్రింప బూనినపుడు ఈ వంటయింటి ఘట్టమును ఒకమారు చదువుట మేలు. దుఃఖము ఒక్క కారణమునుండి పుట్టి ఎన్ని పాత కారణములను లేపుకొని వచ్చునో ఇచట తెలియును.

కీచకుడు నర్తనశాలలో చచ్చెను. తరువాత ఏమైనది? ఉపకీచకులు సైరంధ్రినే కట్టి శ్మశానమునకు మోసికొనిపోయిరి. భీముడు విడిపించెను. అంతట విరాటుడు భయపడి, ఈమెను కొలువునుండి పంపివేయుమని సుదేష్ణతో చెప్పెను. తన్నువాడు సేనాపతిగానున్నంత కాలము రాజునకు ఎవరిని పంపవలెనను ఆలోచనయే కలుగలేదు. వాడు చచ్చిన పిమ్మట పంపివేయబడవలసినది తన్నులు తిన్న ఆడుది! ఆమె పదుమూడు దినములు గడువు అడిగికొన్నది. ఈ చిన్న విషయమును మన విమర్శ గ్రంథములు కథాసంధిగా మాత్రమే చూచి దాటుచున్నవి. ఫిర్యాదు చేసినవారే తుదకు కొలువు కోల్పోవు తీరును ఇంత తక్కువ మాటలలో చెప్పిన రచన వేరొకటి నాకు కనబడలేదు.

మన దేశమున స్త్రీలకు పనిచోట లైంగిక వేధింపులనుండి రక్షణ గూర్చి సుప్రీంకోర్టు విశాఖ తీర్పును 1997లో వెలువరించెను. 2013లో చట్టము వచ్చినది. పదిమంది గాని అంతకు మించి గాని పనిచేయు చోట అంతర్గత సంఘ ముండవలెను. అంతకు తక్కువమంది ఉన్నచోటను, యజమానిపైననే ఫిర్యాదు ఉన్నపుడును, ఇండ్లలో పనిచేయువారి విషయమునను జిల్లాలోని స్థానిక సంఘము వినవలెను. ఇచటి కిటుకు సంఘము కాదు, వినువాడు ఎవ్వడనునది. సైరంధ్రి మొర వినుటకు విరాటుని కొలువున కీచకునకు బావయో, అక్కయో, అతని చేతి క్రిందివాడో కానివారు లేరు. కంకుభట్టు ఒకడు కలడు. అతడు తనను తాను దాచుకొన్నవాడు.

రెండవ పరీక్ష కంకుభట్టునకే వచ్చినది. ధౌమ్యుని నియమములను అందఱికంటె చక్కగా పాటించినవాడు అతడే. ఉత్తరుడు కౌరవులను గెలిచెనని వార్త రాగా విరాటుడు పొంగిపోయి జూదమాడుచు కొడుకును పొగడుకొనెను. బృహన్నల సారథియై యుండగా గెలుపు వింత కాదని కంకుభట్టు అనెను. అది పరుషవాక్యము కాదు, నిజము. రాజు పాచికలతో అతని మొగముపై కొట్టెను. నెత్తురు వచ్చినది. అది నేల పడకుండ సైరంధ్రి పట్టెను. యేడాదిపాటు నియమము తప్పనివానికి దక్కిన ఫలమిది. ధౌమ్యోపదేశము సేవకుని ప్రవర్తనను దిద్దినది గాని, రాజు చేతిలోని పాచికను ఆపలేకపోయినది. తిక్కన ఈ రెండు పరీక్షలను నిర్మించిన పిదప, ప్రథమాశ్వాసమందలి ఉపదేశమునే ఆయన సిద్ధాంతముగా చెప్పుట ఎంతవరకు న్యాయము?

ఇచట ఒక యాక్షేపము రావచ్చును. భారతమున రాజు విధి వేరొకచోట చెప్పబడినది గదా, విరాటపర్వమున వెదకుట యేల? నిజమే. సభాపర్వమున నారదుడు ఇంద్రప్రస్థమునకు వచ్చి ధర్మరాజును వరుసగా ప్రశ్నించును. నన్నయ దీనిని తెనిగించెను. వ్యాసుని పాఠమున ఆ ప్రశ్నలలో కొన్ని ఇట్లున్నవి: సైన్యమునకు భోజనమును, జీతమును తగినంతగా, వేళ తప్పక ఇచ్చుచున్నావా, జాగు చేయుట లేదు గదా? ప్రతిభతో పని చేసినవానికి అధికమైన మన్ననయో, హెచ్చు జీతమో దొరకుచున్నదా? నీకై ప్రాణము లిచ్చినవారి భార్యలను పోషించుచున్నావా? అనగా రాజు ఎట్లుండవలెనో అడిగినవాడు కలడు. విద్యార్థి ప్రశ్నకు తరగతిలో నేను ఈయవలసిన సమాధానము ఇదియే. అపుడు స్ఫురింపలేదు.

ఈ రెండు ఘట్టములను ప్రక్కప్రక్కన పెట్టినపుడు ఒక విషయము బయటపడును. నారదుడు ఎవ్వనిని ప్రశ్నించెనో ఆ ధర్మరాజే ధౌమ్యుని యెదుట కూర్చుండి కొలువు పాఠము వినుచున్నాడు. సేవకుల జీతమును, మన్ననను గూర్చి నిలదీయబడిన రాజు, అట్టి ప్రశ్న లెవ్వరును అడుగని వేరొక రాజునకు సేవకుడయ్యెను. విరాటుని కొలువునకు నారదుడు రాలేదు. విరాటపర్వమునందలి వ్యథ యంతయు ఈ లోపమునుండి పుట్టినదని నా తలపు. రాజు మంచివాడగుటయో, చెడ్డవాడగుటయో ముఖ్యము కాదు. విరాటుడు చెడ్డవాడు కాడు. ఆతిథ్యము తెలిసినవాడు, మంచివారిని చూచి ఆదరించువాడు. ప్రశ్నింపబడని మంచివాడు, అంతియే.

ప్రశ్నింపబడిన యజమాని యెట్లుండునో చూచుటకు ఆ విద్యార్థి యూరిపేరే మనకు తోవ చూపును. బలిఘట్టము నర్సీపట్నమును ఆనుకొని వరాహనది యొడ్డున గలదు. 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోనిది. అచట బ్రహ్మలింగేశ్వరుని యాలయ మున్నది. బలిచక్రవర్తి యజ్ఞము చేసిన చోటని స్థానికుల విశ్వాసము. ఊరిపేరును అందులకే చెప్పుదురు. భాగవతము ఆ యాగమును నర్మదాతీరమున భృగుకచ్ఛమునందు జరిగినట్లు చెప్పుచున్నది. రెంటికిని సమన్వయము చేయబూనుట వృథా. ఊరు ఆ కథను తనదిగా ఉంచుకొన్నది, మనకు అది చాలును.

పోతన అష్టమస్కంధమున శుక్రాచార్యుడు బలికి నిండుసభలో, దానము పుచ్చుకొనువాని యెదుటనే, ఇతడు విష్ణువు, నిన్ను ముంచును, మాట తప్పుమని చెప్పును. ఇంతకంటె అప్రియమైన హితము లేదు. బలి కొంతతడవు కన్నులు మూసికొని ఆలోచించెను. గురువు మాట నిజమేయని ఒప్పుకొనెను. ఆపై తా నేల దానిని పాటింపలేడో కారణములు చెప్పెను. కోపింపలేదు, నవ్వలేదు, పాచిక విసరలేదు. కోపించినది చెప్పినవాడే, శపించినదియు అతడే. ఆ శాపమును బలి తలవంచి స్వీకరించెను. నీటిధారకు అడ్డుపడిన శుక్రుని కంటిని పొడిచినదియు వామనుడే కాని బలి కాదు. భాగవతమున కథ తుదిని విష్ణువు శుక్రుని చేతనే ఆ యజ్ఞలోపమును పూరింపజేయును. అప్రియము చెప్పినవాడు తన పదవిలోనే ఉండెను; పనిని ముగించెను. శుక్రుడు గురువు, సేవకుడు కాడు. కావున ఈ పోలికను హద్దు మీరి లాగరాదు. అయినను కాదనుటకును, అవమానించుటకును గల భేదమును బలి సభ చూపినంత తేటగా వేరొక సభ చూపలేదు. సలహాను త్రోసిపుచ్చుట యజమాని హక్కు. సలహా చెప్పినవాని మొగమున నెత్తురు చూచుట హక్కు కాదు.

ఈ యూరి సమీపముననే ఇటీవల జరిగిన యొక ఉదంతమును చెప్పక తప్పదు. నర్సీపట్నము ప్రాంతీయ వైద్యశాలలో మత్తువైద్యుడుగా పనిచేసిన డాక్టర్ సుధాకర్ 2020 ఏప్రిలులో, కరోనా వ్యాపించుచున్న దినములలో, వైద్యులకు ముసుగులు, రక్షణ దుస్తులు చాలుట లేదని బహిరంగముగా పలికెను. ఆయన సస్పెండు చేయబడెను. మే నెలలో విశాఖపట్నమున పోలీసులు ఆయన చేతులు వెనుకకు కట్టి తీసికొనిపోయిన దృశ్యములను దేశమంతయు చూచినది. అచటినుండి ఆయనను మానసిక వైద్యశాలకు తరలించిరి. పోలీసులు ఆయన ప్రవర్తనయే కారణమనిరి. రాష్ట్రోన్నత న్యాయస్థానము ఆ నెలలోనే కేసును కేంద్ర దర్యాప్తు సంస్థకు అప్పగించెను. 2021 మే నెలలో ఆయన గుండెపోటుతో మరణించెను. ఎవరిది ఎంత తప్పను తీర్పు న్యాయస్థానములది, సాహిత్య విమర్శకునిది కాదు. నేను గమనించినది ఒక వరుస మాత్రమే: పనిచోట ఒక లోపమున్నదను మాట, ఆపై కొలువు పోవుట, ఆపై చెప్పినవాని మనస్సే చర్చనీయాంశ మగుట. ముసుగులు చాలునా చాలవా యను మొదటి ప్రశ్న ఆ వరుసలో ఎచటనో జారిపోయినది. సైరంధ్రి సభలో నిలిచినపుడు, ఆమె ఏడ్పు తగునా తగదా యను చర్చ సాగి, తన్ను మాట జారిపోయినట్లే.

2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టమున ఒక నియమము కలదు. తన సమాజమున వ్యాప్తిలో నున్న నైతిక, సాంఘిక, సాంస్కృతిక, రాజకీయ విలువలకు గాని, పని విలువలకు గాని ఒకడు ఒదుగలేదన్న కారణమున వానికి మానసిక వ్యాధి కలదని నిర్ణయింపరాదు. చట్టములు సాధారణముగా నీరసముగ నుండును. ‘పని’ యను ఆ యొక్క మాట అచట చేరుట మాత్రము నాకు ఆశ్చర్యము గొలిపినది. ఓర్వలేనివాడు రోగి యను తలంపునకు అది అడ్డుకట్ట. అవమానమునకు నొచ్చుకొననివాడే కొలువునకు తగునను పాతమాటకు ఇన్ని శతాబ్దముల పిమ్మట వచ్చిన సమాధానముగా దానిని చదువవచ్చును.

ధౌమ్యోపదేశమును పాఠ్యభాగమునుండి తొలగింపవలెనని నేను చెప్పుట లేదు. అది లేనిచో తరువాతి కథ బలము తగ్గును. నేను చేసిన మార్పు స్వల్పము. మూడేండ్లుగా నారదప్రశ్నలను ముందు చెప్పి, ధౌమ్యుని పద్యములను వాని తరువాత చెప్పుచున్నాను. వంటయింటి ఘట్టమును వదలుట లేదు. కాలము కొంత ఎక్కువ పట్టుచున్నది. అర్జునుని ఉత్తరగోగ్రహణ విజయమును కొంత కుదించితిని. అందులకు విద్యార్థులకంటె నాకే కష్టముగా నున్నది.

బలిఘట్టము విద్యార్థి చదువు ముగించి ఇపుడు వేరొకచోట ఉద్యోగమున నున్నాడు. క్రిందటి సంక్రాంతికి కనబడినపుడు నారదుని ప్రశ్నల మాట చెప్పితిని. శ్రద్ధగా విని, “బాగుందండీ మాస్టారూ. మరి విరాటుణ్ణి ఎవరూ అడగలేదాండీ?” అనెను. ఒకడు అడిగెనని చెప్పితిని. యుద్ధమునుండి తిరిగివచ్చి సభలో కాలిడిన ఉత్తరుడు, మొగమున నెత్తురుతో ఒకమూల కూర్చున్న కంకుభట్టును చూచి, ఈయనను కొట్టిన దెవ్వరని యడిగెను. నేనే కొట్టితినని విరాటుడు చెప్పెను. తప్పు చేసితివి, ఆయనను ప్రసన్నుని చేసికొనుమని కొడుకు చెప్పగా, రాజు కంకుభట్టును క్షమింపుమని వేడెను.